పగటి కునుకును తేలిగ్గా తీసుకోవద్దు

సంపాదకులకు,

స్టీల్‌ప్లాంటులో నైట్ షిఫ్ట్ దిగి గాజువాక మీదుగా బండి నడిపేవారు, పోర్టు లారీ డ్రైవర్లు ఎప్‌వర్త్ కొలమానం అనే చిన్న ప్రశ్నావళితో తమ నిద్రమత్తును తప్పక చూసుకోవాలి. చదువుతున్నప్పుడు, టీవీ ముందు, మధ్యాహ్నం భోంచేసి ఊరికే కూర్చున్నప్పుడు, ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడు... ఇలా 8 సందర్భాల్లో కునుకు పట్టే అవకాశానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 24లో 10 దాటితే డాక్టరును కలవాలి. చాలామంది తమకు తాము మార్కులు తగ్గించి వేసుకుంటారు, అందుకే ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, పొద్దున్నే తలనొప్పి, మందులకు లొంగని బీపీ ఉంటే మార్కులు తక్కువొచ్చినా ఆగొద్దు. స్టీరింగ్ మీద ఒక్కసారి కన్ను మూతపడినా వెంటనే చూపించుకోండి, అప్పటిదాకా బండి తీయకండి. రెండు వారాల నిద్ర వేళలు, వాడే మాత్రల పేర్లు (జలుబు మాత్రలతో సహా) రాసుకుని వెళ్లండి.

– నిద్ర సమస్యల వైద్యులు, విశాఖపట్నం