కణితి ముక్క ఫార్మలిన్‌లో పడేముందు

సంపాదకుడు గారికి,

ప్రొటీన్ల తయారీని అదుపు చేసే పొట్టి ఆర్‌ఎన్‌ఏను, అంటే మైక్రో ఆర్‌ఎన్‌ఏను, కనుగొన్న విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు 2024లో నోబెల్ వచ్చాక, రక్తపు చుక్కతోనే మెదడు కణితి తేలిపోతుందన్న ఆశ పెరిగింది. ఆ రోజు ఇంకా రాలేదు. రావాలంటే ముందు మన ఆపరేషన్ థియేటర్లలో ఒక అలవాటు మారాలి: తీసిన కణితి ముక్కనంతా ఫార్మలిన్‌లో, అంటే ముక్క కుళ్లకుండా ఉంచే ద్రావణంలో, వేసేయడం.

మన డీఎన్‌ఏలో ప్రొటీన్ల తయారీకి పనికొచ్చేది 2 శాతం లోపే. మిగతా దాన్నుంచి పుట్టే ఆర్‌ఎన్‌ఏలు ప్రొటీన్లుగా మారవు గానీ వాటి మీద పెత్తనం చేస్తాయి. సుమారు 22 జన్యు అక్షరాల పొడవుండే మిర్-21 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ, గ్లయోబ్లాస్టోమా అనే ప్రమాదకరమైన మెదడు కణితిలో విపరీతంగా పెరిగి, చావాల్సిన కణాన్ని చావనివ్వదు. మిర్-7 ఇందుకు విరుద్ధం. కణాన్ని పెరగమని తరిమే ఈజీఎఫ్‌ఆర్ అనే ప్రొటీన్‌ను అణచే ఈ కాపలాదారు కణితిలో తగ్గిపోతుంది.

ఇవి సరిగ్గా కొలవాలంటే ముక్క తాజాగా ఉండాలి. ట్రేలో వదిలేస్తే కణంలోని ఎంజైములే ఆర్‌ఎన్‌ఏను కొరికేస్తాయి. ఫార్మలిన్‌లో పొట్టి మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కొంత నిలుస్తాయి, 200 అక్షరాలు దాటిన హోటేర్ లాంటి పొడవాటి ఆర్‌ఎన్‌ఏలు తునకలైపోతాయి. కాబట్టి రోగనిర్ధారణకు సరిపడా ముక్క పదిరెట్ల ఫార్మలిన్‌లో వేశాక, శనగగింజంత మరో తాజా ముక్కను వెంటనే ద్రవ నైట్రోజన్‌లో ముంచి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు పంపాలి. కుళ్లిన నడిభాగం, కాటరీతో (రక్తం ఆపేందుకు కాల్చే పరికరంతో) కాలిన అంచు పనికిరావు. నైట్రోజన్ లేకుంటే ఆర్‌ఎన్‌ఏను కాపాడే ద్రావణం చాలు, కానీ ముక్క 5 మిల్లీమీటర్ల మందం దాటితే లోపలికి ఇంకదు. సూదితో తీసిన చిన్న బయాప్సీలో మాత్రం వాటా అడగకూడదు, అదంతా రోగిదే.

రక్తపరీక్షల సంగతి ఇంకా చిక్కు. ఎర్రకణాలు పగిలితే మిర్-451 ప్లాస్మాలోకి కారి లెక్క తారుమారవుతుంది, ప్లాస్మా గులాబీ రంగులో ఉంటే పారబోయడమే. హెపారిన్ ట్యూబులో రక్తం తీస్తే, జన్యుపదార్థాన్ని పెంచి కొలిచే పీసీఆర్ పరీక్ష మొరాయిస్తుంది, ఈడీటీఏ ట్యూబే వాడాలి. 2021 ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ గుంపు పేరు ఎక్కింది పసిపిల్లల అరుదైన కణితి ఈటీఎంఆర్‌లోనే, సీ19ఎంసీ అని. ఆ పరీక్షా కణితి ముక్క మీదే చేస్తారు. పెద్దల గ్లయోమాకు (గ్లయోబ్లాస్టోమా లాంటి మెదడు కణితులకు) రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ చూసి నిర్ధారించామని ఎవరైనా చెబితే బయాప్సీ మానుకోవద్దు.

హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ లాంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థలు ఉన్న నగరం మనది. న్యూరోసర్జరీ చేసే ప్రతి ప్రభుత్వాసుపత్రికి ఒక నైట్రోజన్ క్యాను, జనరేటర్‌కు కలిపిన ఒక ఫ్రీజర్, ముక్క తీసిన సమయం, గడ్డకట్టించిన సమయం రాసే ఒక రిజిస్టరు ఇవ్వాలి. పరిశోధన అనుమతి పత్రం తెలుగులో, ఉర్దూలో, ఆపరేషన్ అంగీకారం నుంచి విడిగా ఉండాలి.

— ఇద్దరు పాథాలజీ ల్యాబ్ ఉద్యోగులు, హైదరాబాద్