మానేసిన ప్రార్థనకు బాకీ లెక్కలు వద్దు

సంపాదకులకు,

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ‘ఈ ఏడాది బైబిలు మొత్తం చదువుతాను, రోజూ ప్రార్థన చేస్తాను’ అని తీర్మానించుకున్నవాళ్లలో చాలామంది మధ్యలోనే ఆగిపోతుంటారు. భక్తి లేక కాదు, లెక్క కుదరక. ప్రొటెస్టెంట్ల బైబిల్లో 1189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడుకు పైనే చదవాలి. ఆదికాండము, నిర్గమకాండము కలిపి 90 అధ్యాయాలు. జనవరి నెలాఖరుకల్లా ఆ తర్వాతి పుస్తకం లేవీయకాండములోని బలుల విధుల్లో పడతారు. అక్కడ ఒక్క వారం తప్పిందంటే 20కి పైగా అధ్యాయాలు వెనకబడినట్టే. అవి పూర్తయ్యాకే మళ్లీ మోకరించాలనుకుంటారు. అవి పూర్తి కావు. నెలలు ఏళ్లవుతాయి.

తిరిగి రావాలనుకునేవారు ముందుగా ఈ బాకీని కొట్టేయాలి. లూకా సువార్త 15వ అధ్యాయంలో, ఆస్తి పాడుచేసుకుని ఇంటికి తిరిగొస్తున్న ‘తప్పిపోయిన కుమారుడు’ తండ్రితో చెప్పాల్సిన మాటలు ముందే కూర్చుకుంటాడు. ‘నన్ను కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో’ అన్నది అందులో చివరిది (19వ వచనం). ఎదురుపడ్డాక, 21వ వచనంలో, ఆ మాట లేదు. తండ్రి అప్పటికే కౌగిలించుకున్నాడు, మంచి వస్త్రం తెమ్మని పనివాళ్లకు చెబుతున్నాడు. కూలి చేసి తీర్చే ఒప్పందం ఆ ఇంట్లో లేదు.

మొదటి నెల రోజుకు ఐదు నిమిషాలు చాలు. ఉదయం కాఫీ లాగా ఎలాగూ తప్పని పనికి ముందు పెట్టుకోండి; ఫోను వేరే గదిలో ఉంచండి. బైబిల్లోని కీర్తనల గ్రంథం నుంచి ఒక చిన్న కీర్తన పైకి చదవండి, కళ్లతో మాత్రమే చదివితే మనసు ఎటో పోతుంది. 13వ కీర్తనలో ఆరు వచనాలు, 130లో ఎనిమిది, 117లో రెండే. తర్వాత నిమిషంపాటు మౌనం, చివర యేసు నేర్పిన పరలోక ప్రార్థన, నెమ్మదిగా. సొంత మాటలు రాకపోతే బలవంతాన తెచ్చుకోవద్దు. లూకా 18లో సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) చేసిన ప్రార్థన ఒక్క వాక్యమే: ‘దేవా, పాపినైన నన్ను కరుణించుము.’ రెండో వారం నుంచి ఒక మనిషి పేరు చేర్చండి. చదవడానికి మార్కు సువార్త మేలు, 16 అధ్యాయాలే.

ఎక్కువగా దెబ్బతినేది ఉత్సాహం వచ్చిన రోజునే. ఆదివారం ప్రసంగం విని కదిలిపోయి, తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాననీ, శుక్రవారం ఉపవాసముంటాననీ మొక్కుకుంటారు. ఆ వేడి వారం కూడా నిలవదు, పాత అపరాధభావం రెట్టింపై తిరిగొస్తుంది. నెల నిండేదాకా సమయం పెంచవద్దు. ఒకరోజు తప్పితే మర్నాడు పది నిమిషాలు చేయవద్దు, ఆ ఐదే చేయండి. ఏమీ అనిపించకపోయినా ఆపవద్దు; 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అయినా ప్రార్థనగానే నిలిచింది.

నిజంగా చేసిన తప్పు వేరు. దాన్ని ఫలానాదని చెప్పి ఒప్పుకోవాలి. ఎవరి డబ్బయినా ఉంటే తిరిగివ్వాలి. కథోలికులకు గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం ఉండనే ఉంది. ఒప్పుకున్న పాపాన్నే రోజంతా మళ్లీ మళ్లీ ఒప్పుకుంటూ, నిద్రా తిండీ పోతుంటే అది పశ్చాత్తాపం కాదు. వైద్యుణ్ని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. అందులో విశ్వాసలోపమేమీ లేదు.

సంఘ కాపరులకూ పెద్దలకూ ఒక మనవి. చాలాకాలానికి గుడికి వచ్చిన మనిషిని ‘ఇన్నాళ్లూ ఏమైపోయావు?’ అని గుమ్మంలోనే అడగకండి. ఆ రోజే సాక్ష్యం (తన విశ్వాస అనుభవం) చెప్పమని లేపి నిలబెట్టకండి. పాటల పుస్తకం చేతికిచ్చి, పక్కన చోటివ్వండి.

– బైబిలు అధ్యయన బృందం సభ్యులు, ఏలూరు