అంకె తగ్గితే టీకా పోయినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా, తర్వాత హెల్త్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. పేపర్లకు ఉత్తరాలు రాసే అలవాటు నాకు లేదు. ఈ మధ్య మా ఇంట్లో జరిగినది చూశాక రాయకుండా ఉండలేకపోయాను. నర్సింగ్‌లో, పారామెడికల్‌లో పిల్లల్ని చేర్పించిన ఇళ్లలో ఇదే టెన్షన్ ఉంటుందని నాకు తెలుసు.

మా అక్క మనవరాలికి 18 ఏళ్లు. ఈ ఏడాది బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది. వార్డు డ్యూటీలు మొదలయ్యే ముందు హెపటైటిస్ బి టైటర్ రిపోర్టు తెమ్మన్నారు. హెపటైటిస్ బి అంటే రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. దాన్ని అడ్డుకునే యాంటీబాడీలు రక్తంలో ఎంత ఉన్నాయో చెప్పే అంకె టైటర్. రక్తం ఇస్తే 3.2 వచ్చింది. 10 దాటాలట. ల్యాబులో ఒకాయన ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "చిన్నప్పుడు వేసింది పనిచెయ్యలేదమ్మా, మొదటినుంచీ మూడు డోసులు వేయించుకోవాలి" అన్నాడట. ఇంట్లో అందరూ అయిదేళ్లకోసారి బూస్టర్ తీసుకోవాలని కూడా చెప్పాడట. రాత్రి తొమ్మిదింటికి ఆ పిల్ల ఫోన్ చేసింది. "చిన్నమ్మమ్మా, నువ్వు వేసిన సూది పోయిందంట" అంది.

తప్పు పట్టి అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పిల్లకు సూది వేసింది నేనే. ఆరు వారాలకు, పది వారాలకు, పద్నాలుగు వారాలకు, మూడుసార్లూ తొడకు నా చేత్తోనే వేశాను. పుట్టిన రోజు డోసు ఆస్పత్రిలో వేశారు, కార్డులో ఉంది. మన రాష్ట్రంలో ఈ టీకా మామూలు టీకాలతో కలిపి ప్రభుత్వ ఖర్చుతో ఇస్తున్న తొలి రోజులవి. దేశంలో 2002-03లో కొన్ని జిల్లాల్లో, నగరాల్లో మొదలుపెట్టి, 2007-08 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా పది రాష్ట్రాలకు, 2011-12కి దేశమంతటికీ విస్తరించారు.

పడుకుని ఆలోచిస్తుంటే నా పని నేను సరిగా చేశానా అన్నదే నన్ను తొలిచింది. పోలియో చుక్కల మందు గడ్డకట్టినా పాడవదు. హెపటైటిస్ బి టీకా మాత్రం ఒక్కసారి గడ్డకడితే ఇక పనికిరాదు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి. అందుకే ఐస్ ప్యాకుల్ని ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే టీకాలు మోసుకెళ్లే క్యారియర్‌లో పెట్టకూడదు. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడాలి. అప్పుడే సర్దాలి. గ్రామాలకు ఆలస్యమవుతోందని తొందరపెట్టినా నేను ఆ చప్పుడు వినకుండా బయల్దేరలేదు. ఈ మాట ధైర్యంగా రాయగలను.

మరి 3.2 ఎందుకొచ్చింది? రావలసిందే వచ్చింది. పసితనంలో టీకా వేసుకున్న పిల్లల్లో 18 ఏళ్లకు ఆ అంకె 10కి పైన నిలిచేది నూటికి సుమారు 16 మందికే అని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. అంటే ఆ వయసు పిల్లల్లో ఎవరికి పరీక్ష చేసినా ఎక్కువమందికి తక్కువే వస్తుంది. ఆ పరీక్ష చూసేది ఈ రోజు రక్తంలో తిరుగుతున్న యాంటీబాడీలనే. వాటిని మళ్లీ తయారుచేసుకునే జ్ఞాపకం శరీరంలో వేరేగా ఉంటుంది. దాన్ని ఆ పరీక్ష కొలవదు. కోత అయిపోయాక చేను చూసి ఈ రైతు దగ్గర గింజ లేదనుకుంటామా? విత్తనం పురిలో ఉంటుంది. మా పిల్లకు నేను ఇలాగే చెప్పాను.

విత్తనం ఉంటే సరిపోతుందా, అదను దొరకాలి కదా అంటారేమో. ఈ జబ్బులో ఆ అదను దొరుకుతుంది. వైరస్ ఒంట్లో చేరాక జబ్బుగా బయటపడటానికి ఆరు వారాల నుంచి ఆరు నెలల దాకా పడుతుంది. జ్ఞాపకం ఉన్న శరీరం కొద్ది రోజుల్లోనే యాంటీబాడీలు తయారుచేసుకోగలదు. అందుకే అంకె తగ్గినా రక్షణ నిలుస్తోంది. అలాస్కాలో 1981లో టీకా వేసుకున్నవారిని 30 ఏళ్ల తర్వాత పరీక్షిస్తే సగం మందికే 10కి పైన ఉంది. మిగతావారికి ఒక్క డోసు ఇచ్చి నెల తర్వాత చూస్తే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి మళ్లీ లేచింది. వాళ్లు ఆరు నెలల వయసు దాటాక టీకా వేసుకున్నవారు. పురిట్లో వేసుకున్న పిల్లల్లో యాంటీబాడీలు ఇంకా త్వరగా తగ్గుతాయి, నిజమే. కానీ 1984లోనే పసిపిల్లలకు మొదలుపెట్టిన తైవాన్‌లో పిల్లల్లో కాలేయ క్యాన్సర్ సగానికి సగం తగ్గింది. మూడు డోసులు పూర్తయిన ఆరోగ్యవంతులకు బూస్టర్ అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో స్పష్టంగా చెప్పింది.

అయిదేళ్లకోసారి అన్న మాట ఎక్కడిదో నాకు తెలుసు. ఒకప్పుడు మేమే అలా చెప్పేవాళ్లం. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ వారి టీకా వచ్చేదాకా బయటి దేశాల టీకా కొనగలిగిన ఇళ్లు ఎన్నో ఉండేవి కావు. ధర దిగాక ఊరూరా, బడిబడికీ క్యాంపులు పెట్టారు. అప్పటికి ఎన్నేళ్లు నిలుస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి అయిదేళ్లన్నారు. ఇప్పుడు ముప్పై ఏళ్ల లెక్కలు చేతిలో ఉండగా అదే మాట చెప్పి సామాన్యుల చేత డబ్బు ఖర్చు పెట్టించడం తప్పు.

అయితే ఆస్పత్రిలో పనిచేయబోయే పిల్లల సంగతి వేరు. వాళ్ల చేతులు రోజూ రక్తం మధ్యనే ఉంటాయి. జ్ఞాపకం ఉందని నమ్మితే చాలదు, కాగితం మీద రుజువు ఉండాలి. అలాగని మూడు డోసులతో మొదలుపెట్టనవసరం లేదు. టైటర్ తక్కువ వస్తే ముందు ఒక్క డోసు వేసి, ఒకటి రెండు నెలల తర్వాత మళ్లీ చూడాలి. 10 దాటితే అయిపోయినట్టే. ఆరోగ్యంగా ఉన్నవారికి ఒకసారి అలా దాటినట్టు రుజువుంటే తర్వాత తగ్గినా మళ్లీ పరీక్షలు అక్కర్లేదు. దాటకపోతేనే మిగతా రెండూ వేసి మళ్లీ చూస్తారు. కొద్దిమందికి అప్పటికీ రాదు. వాళ్లకు ఆ వైరస్ ఇప్పటికే ఉందేమో హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయాలి. వాడిన సూది గుచ్చుకుంటే ఇమ్యూనోగ్లోబులిన్, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్, ఇవ్వాల్సి ఉంటుందని వాళ్లకు ముందే చెప్పాలి. డయాలసిస్ రోగులకు ఏటా చూసి, తగ్గితే బూస్టర్ వేస్తారు. వాళ్లకు ఆరోగ్యవంతుల సూత్రం వర్తించదు.

మా పిల్లకు భుజానికి ఒక్క డోసు వేయించాం. ఆరు వారాలకు మళ్లీ రక్తం ఇచ్చింది. ఈసారి వెయ్యి దాటింది. 3.2 నుంచి వెయ్యికి. ఆ రిపోర్టు ఫొటో నాకు పంపింది. చూసుకుని నేను కాసేపు ఏడ్చాను. ఆ మూడు సూదులూ పోలేదు.

ఈ హడావిడిలో ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. ఆ పిల్ల తండ్రికి 48 ఏళ్లు. ఆయనకు చిన్నప్పుడు ఈ టీకా లేదు, పెద్దయ్యాకా వేసుకోలేదు. కూతురి 3.2 చూసి కంగారుపడిన మనిషి తనకు వైరస్ ఉందో లేదో ఎప్పుడూ చూపించుకోలేదు. అడిగి మరీ హెచ్‌బీఎస్‌ఏజీ చేయించాను. నెగెటివ్ వచ్చింది, మొదటి డోసు వేయించాను. ఆయన వయసువాళ్లకు కావలసింది బూస్టర్ కాదు, అసలు టీకా. ఇక పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు పడాల్సిన డోసును కొన్నిచోట్ల "తర్వాత చూద్దాంలే" అని వాయిదా వేయడం నా కళ్లతో చూశాను. పుట్టుకలో తల్లి నుంచి సోకితే పదిమందిలో తొమ్మిదిమంది బిడ్డలకు జీవితాంతం నిలిచిపోతుంది. పెద్దవాళ్లలో అలా నిలిచేది నూటికి అయిదుగురిలోపే. బూస్టర్ల మీద పెట్టే ఆత్రం ఆ మొదటి 24 గంటల మీద పెట్టండి.

నర్సింగ్ కాలేజీల యాజమాన్యాలకు, జిల్లా వైద్యాధికారులకు నా విన్నపం ఒకటే. పిల్లల్ని తలా ఒక ల్యాబుకు తరిమి రిపోర్టు తెమ్మనకండి. చేరిన నెలలోనే కాలేజీలో పరీక్ష చేయించి, తక్కువ వచ్చినవారికి ఒక డోసు వేసి, మళ్లీ చూసి, రెండు రిపోర్టులూ వాళ్ల ఫైల్లో పెట్టండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బందికి టీకా వేయడం కూడా ఉంది. విద్యార్థులకూ అది అందేలా చూడండి. ఆ అంకెకు అర్థం ఏమిటో చెప్పగలిగిన మనిషిని ఒకర్ని రిపోర్టు ఇచ్చే రోజు అక్కడ కూర్చోబెట్టండి.

ఇట్లు,
ఒక విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్,
తణుకు