సంస్మరణ సభ జమా ఖర్చుల వివరణ

గాయకుడు గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్, కథకుడు కేతు విశ్వనాథరెడ్డి, గాయని రావు బాలసరస్వతీదేవి గార్ల కోసం మా సంఘం నెల్లూరు పురమందిరంలో జరిపిన సంస్మరణ సభ లెక్కలు ఇవి. సంక్రాంతికే ఇస్తామన్నాం. పాత గ్రామఫోన్ ప్లేట్లలోని పాటలను హార్డ్ డిస్కులకు ఎక్కించే పని చివరి బిల్లు రాకుండా లెక్క ముగించడం పద్ధతి కాదని ఆగాం. ఈలోపు ట్రంకు రోడ్డు టీ కొట్ల దగ్గర రకరకాల మాటలు పుట్టాయని తెలిసింది. మాటలు పడాల్సిన పని మేం చేయలేదు.

జమ:
సభ్యుల చందాలు రూ. 41,500
దాతలు ఇచ్చినవి రూ. 63,200
సభనాడు డబ్బాలో పడినవి రూ. 7,340
పాత నిల్వ రూ. 4,115
మొత్తం రూ. 1,16,155

అడిగిన వెంటనే ఇచ్చిన దాతలకు, పేరు చదవొద్దని చెప్పి మరీ ఇచ్చిన రిటైర్డ్ మాస్టార్లకు చేతులెత్తి నమస్కారం. మైకులో ప్రకటించి ఇంతవరకూ ఇవ్వనివి రూ. 21,000 ఉన్నాయి. అవి జమలో చూపలేదు.

ఖర్చు:
హాలు, కరెంటు, శుభ్రం చేయించడం రూ. 14,000
మైకు సెట్టు, అదనపు కుర్చీలు రూ. 9,500
టీ, టిఫిన్లు రూ. 11,260
కరపత్రాలు, పటాలు, పూలదండలు రూ. 6,850
గాయని, పక్కవాద్యాలు, వారి రానుపోను చార్జీలు రూ. 22,000 (సంస్మరణ సభకు కూడా డబ్బు తీసుకుంటారా అని అడిగారు. వాళ్లకు బతుకుదెరువు అదే.)
గ్రామఫోన్ ప్లేట్ల పని రూ. 48,250

అందరూ వేలు పెట్టి చూపిస్తున్నది ఈ చివరి పద్దునే. ముగ్గురికీ నిలువెత్తు ఫ్లెక్సీలు కట్టి, అతిథులకు శాలువాలు కప్పి ఉంటే ఇందులో సగంతో పోయేదన్నారు. నిజమే, పోయేది. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు 2025 మార్చి 9న వెళ్లిపోయినా ఆయన పాడిన అన్నమయ్య కీర్తనలు ఏ ఫోనులో వెతికినా దొరుకుతాయి. 2023 మే 22న ఒంగోలులో కన్నుమూసిన కేతు విశ్వనాథరెడ్డి గారి కథలు పుస్తకాలుగా ఉన్నాయి. మన వెంకటగిరిలో పుట్టి, 1943లో ‘భాగ్యలక్ష్మి’ సినిమాకు తెలుగులో తొలి నేపథ్యగానం పాడిన రావు బాలసరస్వతీదేవి గారి సంగతి అలా కాదు. 2025 అక్టోబరు 15న ఆవిడ పోయారు. ఆవిడ తొలినాళ్ల పాటలు కొన్ని ఇంకా ఇళ్ల అటకల మీదే ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో 19 ప్లేట్లు దొరికాయి. ఎక్కువ ఆవిడవే, కొన్ని నాటక పద్యాలు. ముందు వాటిని దక్కించుకోవాలనుకున్నాం.

ఆ 48,250 ఇలా అయింది: ప్లేటుకు రెండు వైపులు కాబట్టి 38 పక్కల పాటలు ఎక్కించడానికి పక్కకు 750 చొప్పున 28,500, చెన్నైకి కారు 7,800, పెట్టెలు, స్పాంజీ 2,150, రెండు హార్డ్ డిస్కులు 9,800.

కారెందుకు, కొరియరు చాలదా అన్నారు. అవి లక్క ప్లేట్లు. ఎండకు వంగుతాయి, అంచు తగిలితే పెళ్లలూడతాయి. ప్లేట్లు కంటిముందు నుంచి కదలకూడదన్నది ఇంటి పెద్దాయన షరతు. చెన్నై దాకా ఆయన పెట్టె ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నారు. స్పిరిట్ తగిలితే లక్క కరిగిపోతుంది కాబట్టి అక్కడివాళ్లు డిస్టిల్డ్ వాటర్‌లో దూది ముంచి, గాడి వెంట మెల్లగా తుడిచారు. దూది నల్లగా వచ్చింది. ఈ ప్లేటు గాడి వెడల్పు, తర్వాత వచ్చిన సన్నగాడి ఎల్‌పీ ప్లేట్ల సూది వేస్తే రొద ఎక్కువై పాట సరిగా వినపడదు. లావు సూది, నిమిషానికి 78 చుట్లు తిరిగే యంత్రం ఉన్నచోటికే పోవాలి. బీట వారిన రెండు ప్లేట్లను తర్వాత విడిగా చేశారు, ఆలస్యం అక్కడే. మూడు నిమిషాల పాటకు 750 ఎక్కువన్నవాళ్లు ఒకసారి వచ్చి ఆ పాట వినండి.

ఖర్చు మొత్తం రూ. 1,11,860. నిల్వ రూ. 4,295 కోశాధికారి దగ్గర ఉంది. ఒక డిస్కు ఆ ఇంటివాళ్లకిచ్చాం, రెండోది సంఘం దగ్గర ఉంది. రసీదులు, బిల్లుల ఫైలు ఆదివారం ఉదయాల్లో ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. వేదిక మీద మాటిచ్చిన పెద్దలు ఉగాదిలోపు ఆ సొమ్ము అందజేస్తే, అదే ఇంట్లో ఇంకో అటక మీద ఉన్నాయంటున్న ప్లేట్లకు ఖర్చు పెడతాం.