నౌపడ ఉప్పుతో పగడాలు బతకవు

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో ఇంట్లో పగడాల తొట్టె పెట్టుకోవడం గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. మన చిన్న పట్టణాల్లోకి కూడా ఈ సరదా వచ్చిందని గుర్తించి రాసినందుకు సంతోషమే గాని, సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్ళు బీచి నుంచి నీళ్ళు తెచ్చి పోసుకోవచ్చుననీ, దూరంగా ఉన్నవాళ్ళు కల్లుప్పు కలుపుకుంటే సరిపోతుందనీ అందులో ఇచ్చిన రెండు సలహాలను పాటిస్తే తొట్టెలోని ప్రాణులు నెల తిరక్కుండానే చనిపోతాయి. నేను పూసపాటిరేగ వైపు రొయ్యపిల్లల హేచరీల్లో నీటి పరీక్షల పని చాలా ఏళ్ళు చేసి, ఇప్పుడు టెక్కలిలో ఉంటున్నాను. మనవడి పోరు పడలేక 2017లో మొదలుపెట్టిన 200 లీటర్ల తొట్టె ఒకటి ఇప్పటికీ మా ముందుగదిలో నడుస్తోంది. ఆ అనుభవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ వ్యాసకర్త పగడాన్ని ఒకచోట మొక్క అన్నారు, మరొకచోట అలంకారపు రాయి అన్నారు. అది రెండూ కాదు, జెల్లీ చేపల వర్గానికి చెందిన జంతువు. పాలిప్ అనే ఒక్కొక్క చిన్న జీవికీ ఒక నోరు, దాని చుట్టూ మీసాల వంటి స్పర్శకాలు ఉంటాయి. అలాంటివి వందలూ వేలూ ఒకదానినొకటి ఆనుకుని పెరిగితే మనం చూసే పగడం అవుతుంది. ఇళ్ళలో పెంచే రకాలలో ఎక్కువవాటి శరీరంలో జూగ్జాంథెల్లే అనే ఏకకణ శైవలాలు, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు, కాపురముంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి అందులో ఎక్కువ భాగాన్ని పాలిప్‌కే ఇస్తాయి కనుక, తొట్టె మీద వెలిగే దీపం అందం కోసం పెట్టినది కాదు, అది వాటి అన్నం. నీరు మితిమీరి వేడెక్కినా, వెలుతురు ఒక్కసారిగా పెంచినా పాలిప్ తన శైవలాలను బయటికి నెట్టేస్తుంది. అప్పుడు పగడం తెల్లబడుతుంది. 1998లోనూ, 2010లోనూ, 2016లోనూ లక్షద్వీపాల్లో జరిగింది ఇదే. తెల్లబడిన పగడం ఇంకా చచ్చిపోలేదు, పస్తులుంటోంది. త్వరగా పరిస్థితి చక్కబడితే కోలుకోవచ్చు, లేకపోతే లేదు.

ఇక నీటి సంగతి. భావనపాడు, కళింగపట్నం, బారువ, చింతపల్లి, ఎక్కడైనా సరే, మన ఒడ్డున సముద్రం ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. కళింగపట్నం దగ్గర వంశధార, కల్లేపల్లి దగ్గర నాగావళి, బారువ దగ్గర మహేంద్రతనయ కలుస్తున్నాయి. వరద రోజుల్లో ఒడ్డున ఉండే నీరు సగం నదిదే. అది చాలదన్నట్టు గంగ, బ్రహ్మపుత్ర, మహానది ఉత్తరాన పోసిన మంచినీరు వానాకాలం ముగిసే నాటికి తీరం వెంబడి దక్షిణానికి దిగివస్తుంది. దేశంలో పగడపు దిబ్బలు కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉండి మన జిల్లాల తీరాన అలాంటివి కట్టకపోవడానికి ఈ మంచినీరూ, దానితో వచ్చే ఒండ్రూ పెద్ద కారణాలు. పగడాలకు లవణీయత 35 పీపీటీ దగ్గర, అంటే వెయ్యి పాళ్ళ నీటిలో 35 పాళ్ళ ఉప్పు ఉండాలి. హేచరీలో ఉండగా అక్టోబరు, నవంబరు నెలల్లో తోడిన నీరు 30 కంటే కింద పడిన రోజులు ఎన్నో నా చేత్తోనే పుస్తకంలో రాశాను. పైగా ఆ నీటిని మేము నేరుగా ఎప్పుడూ వాడలేదు. తేర్చి, ఇసుక ఫిల్టరులో వడగట్టి, బ్లీచింగ్ పౌడరు వేసి, గాలి కొట్టి, మిగిలిన క్లోరిన్‌ను హైపో (సోడియం థయోసల్ఫేట్)తో విరిచి, అప్పుడు గాని పిల్లల ట్యాంకులకు ఎక్కించేవాళ్ళం కాదు. రొయ్యపిల్లకే అంత జాగ్రత్త కావలసి వస్తే, పడవల డీజిలు తెట్టు, రొయ్యల చెరువుల నుంచి వదిలిన నీరు కలిసిన బీచి నీటిని బకెట్లతో తెచ్చి పగడాల మీద పొయ్యమనడం ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి.

కల్లుప్పు సలహా దీనికంటే చిత్రమైనది. మా టెక్కలి పక్కనే నౌపడ ఉప్పుమళ్ళు ఉన్నాయి కనుక నాతో కూడా చాలామంది, చేతికందే దూరంలో ఉప్పు పెట్టుకుని పెట్టెల్లో అమ్మే ఉప్పు వేలు పోసి ఎందుకు కొంటున్నావని అడిగారు. ఉప్పుమడిలో ఏం జరుగుతుందో నిదానంగా చూసినవారికి ఆ ప్రశ్న రాదు. ఎండకు సముద్రపు నీరు చిక్కబడేటప్పుడు ముందుగా సున్నపు పదార్థం, ఆ తరువాత జిప్సం అడుగున చేరతాయి, అంటే కాల్షియం అక్కడే దిగిపోతుంది. నీరు ఇంచుమించు పదోవంతుకు తగ్గాక మనం తినే ఉప్పు గింజ కడుతుంది. దానిని తీశాక మడిలో మిగిలిపోయే చేదు నీటిలో మెగ్నీషియం ఉండిపోతుంది. కాబట్టి కల్లుప్పు అంటే సముద్రంలో నుంచి ఒకే ఒక లవణాన్ని ఏరి తెచ్చినది. దానిని మళ్ళీ నీళ్ళలో కలిపితే ఉప్పు నీళ్ళు వస్తాయి గాని సముద్రం రాదు. లవణీయత మీటరులో 35 చూపిస్తుంది, చూసినవారు నిజమే అనుకుంటారు. కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) కొలిస్తే దాదాపు ఏమీ ఉండవు. పచ్చడికి నౌపడ ఉప్పును మించినది లేదని నేనూ ఒప్పుకుంటాను, పగడాల తొట్టెకు మాత్రం పగడాల కోసమే తయారుచేసిన మిశ్రమం కొనక తప్పదు.

ఆ మిశ్రమాన్ని కలిపే మంచినీటి విషయంలోనూ మనవాళ్ళు పొరపడుతున్నారు. మునిసిపల్ కుళాయి నీటిలో క్లోరిన్, బోరు నీటిలో కాఠిన్యమూ నైట్రేటూ ఉంటాయి. వీధి చివర ప్లాంటులో దొరికే 20 లీటర్ల ఆర్వో క్యాను మంచిదే అనిపిస్తుంది గాని, రుచి కోసం కొందరు మళ్ళీ ఖనిజాలు కలుపుతారు. నీటిలో కరిగి ఉన్న లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు రెండు మూడు వందల రూపాయలకు దొరుకుతుంది, దానితో చూస్తే 50, 80 అని చూపించే క్యాన్లు ఎన్నో. పగడాలకు అది సున్నాకు దగ్గరగా ఉండాలి. అందుకు ఆర్వో తరువాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి తగిలించుకోవాలి. ఒక క్యానుకు 700 గ్రాములు దాటి మిశ్రమం పడుతుంది. దానిని చిన్న పంపుతో ఒక రోజంతా తిప్పిన తరువాతే వాడాలి. ప్రతి రోజూ ఆవిరైపోయే నీటి స్థానంలో మాత్రం ఉప్పు కలపని నీరే పోయాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. ఇది అందరికీ తెలిసినట్టే ఉంటుంది, అయినా నా దగ్గరికి సలహాకు వచ్చినవారిలో సగం మంది తొట్టెలు ఆవిరైన చోట ఉప్పునీరు పోయడం వల్లనే చెడ్డాయి.

వ్యాసంలో ఇచ్చిన అంకెలతో నాకు పేచీ లేదు. ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీలు, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షల పాళ్ళలో అన్ని పాళ్ళు), మెగ్నీషియం 1250 నుంచి 1350, ఆల్కలినిటీ దాని కొలమానమైన డీకేహెచ్‌లో 8 నుంచి 9, అంటే మన రొయ్యల లెక్కలో 140 నుంచి 160 పీపీఎం. అయితే ఈ అంకెలను ఎంత త్వరగా అందుకుంటే అంత మంచిదన్న భావం చదివినవారికి కలుగుతుంది. రొయ్యల చెరువులో ఆల్కలినిటీ పడిపోతే సాయంత్రానికల్లా బస్తా సోడా దింపడం అలవాటైన చేతులు కనుక, నేనూ మొదటి ఏడాది 7 ఉన్నదానిని వంటసోడాతో ఒక్కరోజులో 11కి లేపేశాను. మరునాటికి ఒక్క పాలిప్ కూడా విచ్చుకోలేదు, అవి మళ్ళీ నోరు తెరవడానికి పదిహేను రోజులు పట్టింది. 7 దగ్గర కదలకుండా ఉన్న తొట్టె కంటే 7కీ 10కీ మధ్య ఊగే తొట్టె అధ్వాన్నం. రోజుకు ఒక డీకేహెచ్ కంటే ఎక్కువ మార్చకూడదని నేను నష్టపోయి నేర్చుకున్నాను. నైట్రేట్‌ను కూడా పూర్తిగా తుడిచిపెట్టమని వ్యాసంలో ఉంది, పది పీపీఎం లోపు ఉంటే చాలు. సున్నా చేస్తే లోపలి శైవలాలే పస్తుపడతాయి.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టినది వ్యాసంతో పాటు అచ్చువేసిన బొమ్మ. అందులో ఉన్నది కొమ్మలు కొమ్మలుగా పెరిగే రాతి పగడం. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ 2001లో మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు కూడా అందులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణ వాటికీ ఉందన్న మాట. అంతర్జాతీయ వ్యాపారంలో రాతి పగడాలు, ప్రమాదంలో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండవ అనుబంధం కింద ఉన్నాయి. ఆమధ్య ఒక దుకాణంలో అదే రకం ముక్కను మెత్తని పగడమని చెప్పి, బిల్లు ఇవ్వకుండా నాకు అంటగట్టబోయారు. చెయ్యి వేసి చూస్తే గరుకైన సున్నపు అస్థిపంజరం తగిలింది కనుక తెలిసింది, కొత్తవారికి ఎలా తెలుస్తుంది? ఇంట్లో పెంచదలచినవారు పుట్టగొడుగు పగడాలు, తోలు పగడాలు, జోయాంథిడ్‌ల వంటి మెత్తని రకాలతో సరిపెట్టుకుని, అవి కూడా ఎక్కడి నుంచి వచ్చాయో రాతపూర్వకంగా అడిగి తీసుకోవడం మంచిది. మెత్తనివాటికి కాల్షియం ఖర్చు తక్కువ కాబట్టి, వ్యాసంలో సగం మేర రాసిన ఆ సీసాల మందుల అవసరం కూడా చాలావరకు తప్పుతుంది. వారానికి పదోవంతు నీరు మారిస్తే అందులోనే అన్నీ అందుతాయి.

జోయాంథిడ్‌ల గురించి ఒక హెచ్చరిక. వాటిలో కొన్ని జాతుల్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అవి పట్టిన రాళ్ళను శుభ్రం చేద్దామని మరిగే నీళ్ళు పోసి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో జరిగాయి. చేతి తొడుగులూ కళ్ళజోడూ లేకుండా వాటిని కోయకూడదు, రుద్దకూడదు. అలాగే చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే మైలుతుత్తం వాడమని వ్యాసంలో ఉన్నది. చేపకు పనిచేస్తుంది నిజమే, ఆ చేపను వేరే తొట్టెలోకి మార్చి వాడాలి. మైలుతుత్తంలోని రాగి ఒక్కసారి పగడాల తొట్టెలో పడితే పాలిప్‌లు చనిపోవడమే కాక, రాళ్ళలోకీ ఇసుకలోకీ దిగి నెలల తరబడి ఊరుతూ ఉంటుంది. రొయ్యలవాళ్ళం మేము వైట్ స్పాట్ అనేది వైరస్ జబ్బు, ఈ చేపలకు వచ్చేది పరాన్నజీవి. పేరు ఒకటే కావడంతో మందుల షాపుల్లో ఎంత గందరగోళం జరుగుతోందో చెప్పలేను.

వేసవి గురించి వ్యాసంలో ఒక్క మాటా లేదు. మేలో మా ముందుగది నీరు దానంతట అది వదిలేస్తే 32 డిగ్రీలకు ఎక్కుతుంది. నీటిని చల్లబరిచే చిల్లరు కొనగలిగినవారు అదృష్టవంతులు. లేనివారు నీటి మీదికి ఫ్యాను తిప్పితే రెండు డిగ్రీలు తగ్గుతుంది, మన తీరపు ఉక్కపోతలో అంతకు మించి తగ్గదు. ఫ్యాను తిరిగినన్నాళ్ళూ పైన చెప్పిన ఆవిరి లెక్క రోజుకు రెండుసార్లు చూసుకోవాలి.

చివరగా కరెంటు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వీధికి కరెంటు తిరిగి రావడానికి ఆరు రోజులు పట్టింది. దీపం లేకపోయినా పగడం రెండు మూడు రోజులు ఓర్చుకుంటుంది, నీరు కదలకపోతే కొన్ని గంటలే. 30 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టగలిగితే సముద్రపు నీరు పట్టేది ఆరు చిల్లర. చీకట్లో శైవలాలు కూడా దానినే వాడుకుంటాయి. ఇన్వర్టరు మొదటి రాత్రికే ఆగిపోయింది. ఆ తరువాత నేనూ, నా భార్యా, మనవడూ వంతులు వేసుకుని చెంబుతో తొట్టెలో నీరు ముంచి ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే పోస్తూ కూర్చున్నాం. చుట్టూ కొబ్బరి, జీడి తోటలు నేలకూలి, ఊరంతా తాగునీటికి అల్లాడుతుంటే ఈ పని చేస్తున్నందుకు నాకు లోలోపల సిగ్గుగా ఉండేది. రెండు చేపలూ, జీనియా అనే మెత్తని పగడం ఒకటీ పోయాయి. తోలు పగడం ముడుచుకుని ఉండి మూడు వారాలకు విచ్చుకుంది. ఆ నెలలోనే బ్యాటరీతో నడిచే గాలి పంపు కొన్నాను. ఇన్వర్టరు మీద దీపాన్ని తీసేసి, పది పదిహేను వాట్లు మాత్రమే లాగే నీటి పంపును ఒక్కదానినే ఉంచాను.

తుపాను ఎప్పుడో గాని రాదు. మరమ్మతుల పేరిట ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా సరఫరా ఆపే రోజులు నెలకు ఒకటి రెండు ఉంటాయి. ఏ వీధికి ఎన్ని గంటలు కరెంటు ఉండదో తెలిపే ప్రకటన మీ జిల్లా పేజీలో ఇంతకుముందు ముందురోజే వచ్చేది, కొంతకాలంగా ఒకరోజు వస్తే నాలుగు రోజులు రావడం లేదు. దానిని మళ్ళీ క్రమం తప్పకుండా వేయవలసిందిగానూ, బీచి నీరు, కల్లుప్పు, మైలుతుత్తం గురించిన మూడు సలహాలకు వచ్చే ఆదివారమే సవరణ ప్రచురించవలసిందిగానూ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా