ఫోన్ మోగని గది ఒక్కటైనా ఉంచండి

సంపాదకుల వారికి నమస్కారం.

పొద్దున కళ్లు తెరిచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఫోనే. నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం, గ్రూపుల్లో మెసేజ్‌లు భోజనం దగ్గర కూడా ఆగవు. ఈ టెన్షన్ తగ్గాలంటే విపశ్యనకు, అంటే పది రోజుల మౌన ధ్యాన శిబిరానికి, వెళ్లమని చాలామంది చెబుతున్నారు. అక్కడ మొదటి రోజే ఫోన్ తీసుకుని దాచేస్తారు, ఫీజు కూడా ఉండదు, మంచి పద్ధతే. కానీ పది రోజులు సెలవు ఎవరిస్తారు, ఇంట్లో మంచం మీదున్న అత్తగారిని ఎవరు చూసుకుంటారు? నాలాంటివాళ్లకు కావలసింది నడిచి వెళ్లేంత దూరంలో రోజుకో గంట.

అలాంటి చోటు మా ఊళ్లో ఉంది, శాఖా గ్రంథాలయం. మొన్న చాలా ఏళ్ల తర్వాత వెళ్లాను. పొడుగు బల్ల దగ్గర ఒక పెద్దాయన వేలు పెట్టుకుంటూ పేపరు చదువుతున్నారు, పక్కనే ఒక కుర్రాడు సౌండ్ పెట్టి రీల్స్ చూస్తున్నాడు. పెద్దాయన రెండుసార్లు తలెత్తి చూసి, పేపరు మడిచి పెట్టి, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. కుర్రాణ్ని ఏమనగలం, అతనికి చెప్పినవాళ్లు లేరు, గోడ మీద ‘నిశ్శబ్దం’ అన్న అక్షరాలు కూడా వెలిసిపోయాయి. పైగా సాయంత్రం ఏడింటికే తాళం, ఉద్యోగాలు చేసేవాళ్లకు ఖాళీ దొరికేదే అప్పుడు.

మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది, 1960 నాటి చట్టం ప్రకారం. అది ఎప్పటికప్పుడు గ్రంథాలయ సంస్థలకు చేరాలి, చేరిందో లేదో జనానికి చెప్పాలి. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం పెట్టింది ఆ ఊరివాళ్లే, దాని పాత పత్రికల కోసం ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అంత చిన్న ఊరు అది చేయగలిగినప్పుడు, పన్ను కట్టించుకుంటున్న ప్రభుత్వం ఒక్క గది ప్రశాంతంగా ఉంచలేదా?

తిరుమలలో దర్శనానికి ముందు ఫోన్ ఇచ్చేసి టోకెన్ తీసుకుంటాం, అంతమందిమీ అలవాటు పడ్డాం. ప్రతి గ్రంథాలయంలోనూ ఒక గదికి అదే నియమం పెట్టి, గుమ్మం దగ్గర అరల పెట్టె ఒకటి ఉంచి, రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంచమని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అదనపు గంటలకు ఇంకో మనిషిని పెట్టాలి, ఉన్న ఒక్క లైబ్రేరియన్ మీదే వేయకూడదు.

– ఒక పాఠకురాలు, బాపట్ల జిల్లా