మ్యాపులో కనబడని కొండ

సంపాదకులకు,

అయ్యా,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ఏజెన్సీ కొండలకు సెన్సర్ల రక్షణ వచ్చేసిందన్న వార్త చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. వానను, నేలలో తేమను కొలిచే వైర్‌లెస్ సెన్సర్లు మా మండలమంతా పెట్టేశారనీ, కొండచరియలు జారకముందే హెచ్చరిక వస్తుందనీ రాశారు. ముప్పై ఏళ్లు టెలిఫోన్ శాఖలో ఈ కొండలెక్కి దిగినవాణ్ణి. మర్నాడే పోయి మా పంచాయతీలో నాటిన నాలుగు స్తంభాలూ చూసి వచ్చాను.

నాలుగూ ఘాట్ రోడ్డు పక్కనే ఉన్నాయి. జీపు దిగి పదడుగులు వేస్తే చేతికందుతాయి. ఒకదాని వర్షమాపకం మీదికి మామిడి కొమ్మ వాలి ఉంది. పక్కనున్న చెట్టు ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో దాన్ని పెట్టాలన్నది ఈ పని చేసే ప్రతివాడికీ తెలిసిన నియమం. గట్టుకు అవతల, గెడ్డ (కొండవాగు) మలుపులో, నిరుడు వానలకు బీటలు తీసిన వాలు కిందే ఇరవై ఇళ్లున్నాయి. అటువైపు ఒక్క సెన్సరూ లేదు. అడిగితే కాంట్రాక్టరు మనిషి ఫోనులో మ్యాపు చూపించి, "ఆ ఊరు కూడా రేంజిలోనే ఉంది సార్, రెండు కిలోమీటర్లే" అన్నాడు. ఆ రెండు కిలోమీటర్ల నడుమ ఒక కొండ ఉంది. అది ఆ మ్యాపులో లేదు.

వీటికి వాడే 865 మెగాహెర్ట్జ్ తరంగాలు మైదానంలో మైళ్లు పోతాయి. కొండ అడ్డొస్తే ఆగిపోతాయి. ఎదుటి యాంటెన్నా కంటికి ఆనినా చాలదు. రెండింటి మధ్య 4 కిలోమీటర్లుంటే, నడిమధ్యలో ఆ చూపు గీతకూ కింది గట్టుకూ 11 మీటర్లైనా ఎడం ఉండాలి. మా ఏజెన్సీలో కాఫీ తోటల మీద సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల పాదులు. ఆ ఆకులు తడిస్తే సిగ్నల్‌ను ఇంకా తినేస్తాయి. ఎండాకాలంలో పరీక్షించి సంతకం పెట్టిన లింకు, సరిగ్గా ప్రాణాల మీదికొచ్చే శ్రావణంలో తెగిపోతుంది.

మా రోజుల్లో మైక్రోవేవ్ టవరుకు చోటు చూడాలంటే ఇద్దరం చెరో శిఖరం ఎక్కేవాళ్లం. ఎండకు అద్దం తిప్పి ఒకరికొకరం మెరుపు చూపించుకునేవాళ్లం. మెరుపు కనబడకపోతే దిగి ఇంకో శిఖరం ఎక్కడమే. ఒక్కోసారి మూడు రోజులు పట్టేది. ఇప్పుడు శిఖరం మీద, ఒక వైపు సిగ్నల్ అందుకుని రెండో వైపు పంపే రిలే ఒకటి పెట్టండని చెబితే అక్కడికి సోలార్ ప్యానెల్ మోసేదెవరు అంటున్నారు. కాఫీ బస్తాలు మోసే మా గిరిజన యువకులను అడిగితే ఒక్క పూటలో చేరుస్తారు. ఏ వాలులో కొత్తగా ఊట పుట్టిందో, ఏ చెట్టు ఒరిగిందో కూడా వాళ్లే చెబుతారు. వాళ్లను ఒక్కరినీ ఎవరూ అడగలేదు.

కేరళలో మున్నార్ దగ్గర అమృత విశ్వవిద్యాలయం వారి సెన్సర్లు 2009 నుంచి పనిచేస్తున్నాయి. అవి రోడ్డు పక్క స్తంభాలు కావు. వాలులోనే లోతుగా బోరు వేసి, మట్టిలో నీటి ఒత్తిడినీ నేల ఒరుగుతున్న తీరునూ కొలుస్తాయి. వయనాడులో హ్యూమ్ సెంటర్ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వారు రెండు వందలకు పైగా చోట్ల వాన లెక్క తీయిస్తున్నారు. 2024 జూలై 30న ముండక్కై, చూరల్‌మల ఊళ్లు కొట్టుకుపోవడానికి ముందురోజే వారు హెచ్చరిక పంపారు. కొండ మీద చినుకు చినుకూ లెక్కపెట్టారు గనకే చెప్పగలిగారు.

మా దగ్గర ఏ పని వచ్చినా రోడ్డు దాటదు. సెల్ టవర్లు రోడ్డు వెంటే వేశారు, అందుకే ఊళ్లో సిగ్నల్ అందక, మెషీన్‌లో వేలిముద్ర పడక రేషను కోసం ముసలివాళ్లు కొండెక్కాల్సి వచ్చింది. బోర్లూ రోడ్డు వెంటే. ఎన్ని స్తంభాలు నాటారో లెక్కేసి బిల్లు చెల్లిస్తున్నంత కాలం స్తంభాలే లేస్తాయి, సమాచారం రాదు.

అధికారులను నేను కోరేది ఇంతే. ఈ వానలు ముగియకముందే, తడి ఆకుల్లో, ప్రతి గట్టుకూ రెండు వైపులా నడిచి సిగ్నల్ పరీక్షించండి. గెడ్డ మలుపు పైనున్న వాలులో రెండు సెన్సర్లు, గట్టు మీద ఒక రిలే పెట్టండి. ఒక్కో సెన్సరు నుంచి రోజుకు ఎన్నిసార్లు కబురు రావాలో, నిజానికి ఎన్నిసార్లు వచ్చిందో పంచాయతీ ఆఫీసు గోడ మీద రోజూ రాయించండి. ఆ ఇరవై ఇళ్లవాళ్లూ చదువుకుంటారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
అల్లూరి సీతారామరాజు జిల్లా